మేస్త్రి తువ్వాలు

మన బ్యాచ్ జ్ఞాపకాల కోసం కమిటీ వాళ్లు "ఒక్క పేజీ చాలు, ఏదైనా రాయి" అని మూడుసార్లు మెసేజ్ పెట్టారు. ఏదైనా అంటే నాకు గుర్తొచ్చేది ఒక్కటే. గోకర్ణ ట్రిప్పు, ఫెస్టు, హాస్టల్ గొడవ ఇవన్నీ చిత్తూరు బ్యాచ్ ఎలాగూ రాస్తుంది. నేను మేడమ్ క్లాసు గురించే రాస్తాను. టైమ్‌టేబుల్లో 'ప్రదర్శన, నిరసన, పబ్లిక్ స్పేస్' అని ఉండేది, మనకు మాత్రం అది వీధి క్లాసు.

మొదటి క్లాసు బెంగళూరు టౌన్ హాల్ మెట్ల మీద. 1935లో కట్టిన ఆ హాలు లోపల కూర్చున్నవాళ్లకంటే బయట మెట్ల మీద ప్లకార్డు పట్టుకుని నిలబడ్డవాళ్లనే ఈ ఊరు ఎక్కువ చూసిందన్నారు మేడమ్. గంటసేపు నిలబడి ఎవరు ఆగుతున్నారో, పోలీసు ఎక్కడ నిలబడ్డాడో రాసుకోమన్నారు. ధర్నా మొదలవగానే బోండాల బండి ఇటు జరుగుతుందని కనిపెట్టింది మన బక్కోడే. తర్వాతి వారం ఫ్రీడమ్ పార్కు. ఒకప్పటి సెంట్రల్ జైలు, ఎమర్జెన్సీలో వాజపేయి, అద్వానీలను పెట్టింది అక్కడే. జైలు గోడల మధ్య నిరసనకు చోటివ్వడం గెలుపా, ఓటమా అని మేడమ్ అడిగిన ప్రశ్న మీద క్యాంటీన్ మూసేదాకా కొట్టుకున్నాం. 2021 పోలీసు ఆర్డర్‌తో ధర్నాలన్నీ ఆ పార్కులోనే చేసుకోమన్నప్పుడు, నాకు ముందుగా ఆ సాయంత్రమే గుర్తొచ్చింది.

వీధి నాటకాల సఫ్దర్ హష్మీ గురించి చెప్పిన రోజు ఎవరం మాట్లాడలేదు. 1989 జనవరి 1న ఢిల్లీ దగ్గర ఝండాపూర్‌లో 'హల్లా బోల్' నాటకం ఆడుతుండగా ఆయన్ను కొట్టారు, మర్నాడు చనిపోయాడు. 4వ తేదీన ఆయన భార్య మొలయశ్రీ అదే చోటికి వెళ్లి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడింది.

ఇక హెబ్బాళ దాటాక ఆ అపార్టుమెంటు సైటు. లేబర్ షెడ్ల ముందు ఆదివారం సాయంత్రం, అంతా మన తెలుగువాళ్లే, పాలమూరు వాళ్లే ఎక్కువ. కూలి కోత మీద నాటకం, రెండు రాత్రులు కూర్చుని నేనే రాశాను. మన క్లాసు తాతయ్యది మేస్త్రి వేషం, తలకు తువ్వాలు చుట్టి ఒకటే కేకలు. అయిపోయాక, చూసేవాళ్లనే నాటకంలోకి దింపే బ్రెజిల్ నాటకకర్త బోవాల్ పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టి, ఇలా జరగదు అనిపిస్తే ఆపండి, మీరే వచ్చి చేసి చూపించండి అన్నాం. కాసేపు ఎవరూ కదల్లేదు. వెనక నుంచి ఒకావిడ లేచింది. మోచేతుల దాకా సిమెంటు ఎండిపోయి ఉంది.

"అట్ల గాదు. మా మేస్త్రి అరవడు."

తాతయ్య తల మీంచి తువ్వాలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకుంది. సిమెంటు బస్తా మీద కూర్చుని, లేని ఫోన్‌లోకి చూస్తూ, తల ఎత్తకుండా, నవ్వుతూ "రేపు జూద్దాం తియ్ అక్కా" అంది. అంతే. షెడ్ల ముందు మొత్తం నిశ్శబ్దం. అప్పుడు ఇంకొకావిడ వచ్చి ఆమె పక్కనే బస్తా మీద కూర్చుంది. ఏడవలేదు, బతిమాలలేదు. జాకెట్లోంచి చిన్న నోటుబుక్కు తీసి హాజరు చదవడం మొదలుపెట్టింది, సోమవారం ఇద్దరం, మంగళవారం ముగ్గురం, ఇలా పది రోజులు. చదివినంతసేపూ మేస్త్రి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. చివర్లో ఎత్తాడు.

తిరుగు బస్సులో మేడమ్ నా పక్కన కూర్చుని, "నీ సీను తీసేసి వాళ్లది పెట్టు" అన్నారు. ఆ రాత్రే పెట్టాను.

ఇప్పుడు లేబర్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నానని మీలో చాలామందికి తెలుసు. ఆఫీసు చిన్నదే, కానీ పని నిండుగా ఉంది, రావలసిన కూలి చేతికొచ్చి ఇంటికెళ్లినవాళ్లు ఉన్నారు. నా దగ్గరికి వచ్చినవాళ్లను మొదట కాగితాలు అడగను. కుర్చీలు పక్కకు జరిపి, మేస్త్రి ఎక్కడ కూర్చున్నాడు, మీరెక్కడ నిలబడ్డారు, చేసి చూపించండి అంటాను. తువ్వాలు ఒకటి బీరువాలో ఎప్పుడూ ఉంటుంది.