చెవులతో చూసిన టీవీ

మన హాస్టల్ డైనింగ్ హాల్లోని టీవీ గురించి ఈ సంచికలో ఎవరో ఒకరు రాయకుండా ఉండరు. షట్టర్ పెట్టె, దాని తాళం, స్టెబిలైజర్ టకటకలు, అన్నీ వాళ్లకే వదిలేస్తున్నాను. ఆ పెట్టెలో వచ్చినవాటి మీద ఒక వీరాభిమాని తీర్పు మాత్రం ఇది. మొదటి స్థానం బి.ఆర్. చోప్రా 'మహాభారత్'కి, రెండోది 'పాడుతా తీయగా'కి, మూడోది 'అమృతం'కి. మూడూ మూడు బ్యాచ్‌ల కాలానివి కాబట్టి తగువు తప్పదు. ఒప్పుకోనివాళ్లు మన పాత విద్యార్థుల సమావేశం రోజున భోజనాల దగ్గర దొరకవచ్చు.

కొలత ఒకటే పెట్టుకున్నాను: బొమ్మ పోయినా కార్యక్రమం నిలబడుతుందా? బొమ్మ పోవడం మనకి కొత్త కాదుగా. సిగ్నల్ వచ్చేది నూరు వాట్ల చిన్న రిలే కేంద్రం నుంచి. డాబా మీద యాగీ యాంటెన్నా. అందులో వెనకది అన్నిటికంటే పొడుగు కడ్డీ, దాని ముందు మడత గొట్టం, ఆ ముందువి పొట్టి కడ్డీలు. 200 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసేదానికి మడత గొట్టం సుమారు 70 సెంటీమీటర్లు ఉంటుంది. పొట్టి కడ్డీల వైపే కేంద్రానికి ఎదురుగా ఉండాలి. కోతి ఒక్కసారి ఊగితే చాలు, క్లాంపు వదులై మొత్తం పక్కకి తిరిగేది. పైకెక్కినవాళ్లు గొట్టం తిప్పి దిగేవారే గాని, అసలు జబ్బు చాలాసార్లు యాంటెన్నా నుంచి టీవీకి దిగే వైరులో ఉండేది. ఆ చదును రిబ్బన్ వైరుని ఇనుప గొట్టానికి చుట్టి కడితే సిగ్నల్ సగం అక్కడే చస్తుంది. ప్లాస్టిక్ కొక్కేలు పెట్టి గొట్టానికి మూడు నాలుగు అంగుళాల ఎడంగా దింపాలి. వాన పడ్డాక మడత గొట్టం దగ్గరి స్క్రూలు విప్పి, నల్లబడ్డ రాగి తీగని గీకి మళ్లీ బిగించాలి.

ఇక దెయ్యం బొమ్మ. నీళ్ల ట్యాంకుకో కొండకో తగిలి వచ్చిన సిగ్నల్ 300 మీటర్లు ఎక్కువ తిరిగిందంటే ఒక మైక్రోసెకను ఆలస్యం. తెర మీద ఒక గీత పూర్తవడానికి పట్టేది 52 మైక్రోసెకన్లు. 40 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద లెక్కేస్తే, అర్జునుడికి కుడిపక్కన ముప్పావు సెంటీమీటరు దూరంలో ఇంకో పలచటి అర్జునుడు! మాట మాత్రం చెక్కు చెదిరేది కాదు. శబ్దం బొమ్మకి 5.5 మెగాహెర్ట్జ్ పైన, విడిగా ఎఫ్.ఎం. పద్ధతిలో వస్తుంది. తెరంతా చీమలు పాకుతున్నా సంభాషణ వినబడటానికి కారణం అదే.

1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్‌లో ముగిసిన 'మహాభారత్' 94 భాగాలు ఈ పరీక్షకి అలవోకగా నిలుస్తాయి. కథ చెప్పేది కాలం, అంటే కనబడని మనిషి. హరీష్ భీమానీ గొంతుకి తెరతో పనే లేదు. మాటలు రాసిన రాహీ మాసూమ్ రజా సంస్కృత పదాలు దట్టంగా వేయడం మనలాంటి హిందీ రానివాళ్లకి వరమైంది. ప్రతిజ్ఞ, వచనం, సింహాసనం, ఆయుష్మాన్ భవ, వీటికి అనువాదం ఎందుకు? కొన్ని మాటలు మాత్రం బోల్తా కొట్టిస్తాయి. వాళ్ల 'అవసర్' మన అవకాశం, అవసరం కాదు. వాళ్ల 'శిక్షా' చదువు. ద్రోణుడి దగ్గర శిక్ష అంటే హాస్టల్ పిల్లలకి రెండు అర్థాలూ సరిపోయాయనుకోండి.

అభిమానినే అయినా రెండు లోట్లు చెప్పాలి. రాయబారం ఘట్టంలో తెలుగు చెవి 'జెండాపై కపిరాజు' కోసం కాచుకుని కూర్చుంటుంది. తిరుపతి వేంకట కవుల పద్యం లేకుండా కృష్ణుడు సభలోంచి వెళ్లిపోతే ఉప్పు లేని పప్పే. నితీశ్ భరద్వాజ్ చిరునవ్వు ఎంత బాగున్నా ఆ వెలితి తీరదు. శశిరేఖ రాలేదని అలిగినవాళ్లది మాత్రం న్యాయం కాదు, ఆ పెళ్లి వ్యాసుడిలో లేదు, మనవాళ్ల కల్పన. రెండో లోటు ఆ బాణాలు. రెండు బాణాలు ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనేలోపు అన్నం పెట్టించుకుని రావచ్చు. శకునిగా గూఫీ పేంటల్‌ని మన సినిమా శకుని ధూళిపాళ పక్కన నిలబెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. పక్కనే, ముందు కాదు.

'పాడుతా తీయగా' 1996లో ఈటీవీలో మొదలైంది. అప్పటికి కేబుల్ వైరు వచ్చి యాంటెన్నా బాధ తగ్గింది. అయినా అది చెవి కార్యక్రమమే. పాట అయ్యాక బాలసుబ్రహ్మణ్యం గారు చెప్పే నాలుగు మాటల కోసం చూసేవాణ్ణి. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే అర్థం విరుగుతుంది. 'ళ'ని 'ల' చేస్తే సాహిత్యం పలచనవుతుంది. వత్తు మింగితే మాటే మారిపోతుంది. తప్పు దొర్లిన చోటు తానే పాడి చూపించేవారు. కన్నీళ్లూ లైట్లూ నింపిన తర్వాతి పోటీల్లో ఇంత పాఠం దొరకదు.

'అమృతం' 2001లో జెమినీలో వచ్చింది, గుణ్ణం గంగరాజు నిర్మాణం. అమృతం వేషం శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురి చేతులు మారినా బండి ఆగలేదు. హాస్యం ముఖం మీద కాక ఇరకాటం మీద నడిచింది మరి: పథకం వేసేది అమృతం, అంజి, దాన్ని చెడగొట్టేది వాళ్ల హోటల్ పనివాడు సర్వం, పైన అద్దె కోసం ఇంటి ఓనరు అప్పాజీ. అంజి, అంటే గుండు హనుమంతరావు, మారి ఉంటే మాత్రం నేను చూసేవాణ్ణి కాదు. ఆయన వాక్యం చివర ఆగే ఆ అరక్షణాన్ని కళ్లు మూసుకున్నా పట్టుకోవచ్చు.

సమావేశం రోజు హాల్లో ఈ పాత భాగాలు వేస్తారట. కమిటీవారికి ఒక మనవి. అవి 4:3 కొలతలో, అంటే వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లుగా తీసినవి. కొత్త టీవీ వాటిని 16:9కి సాగదీస్తుంది, రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3కి మార్చండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. సాగదీస్తే అందరూ లావెక్కుతారు. భీముడు వేసిన ప్రవీణ్ కుమార్ 1966, 1970 ఆసియా క్రీడల్లో డిస్కస్‌కి బంగారు పతకాలు కొట్టిన మనిషి, ఆయనకి ఆ సాయం అక్కర్లేదు.