రెడ్ కార్డు ముందు బాబాయ్ అయినా ఒకటే

మార్చిలో, సెప్టెంబరులో మా క్లబ్బు వాళ్లు నన్ను చూసి తప్పుకు తిరుగుతారు. వాళ్లననీ లాభం లేదు, నేను ట్రెజరర్‌ని. మాది టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు, అంటే నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే చోటు. ఏప్రిల్ 1తో మొదలయ్యే ఆరు నెలలకి ఒకసారి, అక్టోబరు 1తో మొదలయ్యే ఆరు నెలలకి ఇంకోసారి, మనిషికి 60 డాలర్ల చొప్పున మాతృసంస్థ టోస్ట్‌మాస్టర్స్ ఇంటర్నేషనల్‌కు కట్టాలి. రూపాయల్లో ఐదు వేల పైమాటే. దాని మీద హాలు అద్దెకని మేం వేసుకునేది ఇంకొంత. "ఈసారికి చూద్దాం మేడం" అనే మాట నాకు కొత్తేం కాదు. కూకట్‌పల్లిలో చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టడం నా పని. 11న ఒకటి, 20న ఒకటి, మధ్యలో బతుకు. జనం దగ్గర డబ్బు రాబట్టడం నాకే బాగా వచ్చని ఈ పదవి నాకు అంటగట్టారు.

ఎనిమిది మందైనా కట్టకపోతే క్లబ్బు లెక్కలోంచి పోతుంది. ఆ ఎనిమిదిలో ముగ్గురు పాతవాళ్లై ఉండాలి. "మైకు ముందు భయం పోగొట్టుకున్నాను" అని మీరు చదివే పోస్టుల వెనకాల ఎవరో ఒకరు ఇలా ఫోన్లు చేసి పదిమందిని విసిగిస్తూ ఉంటారని చెప్పడానికే ఈ లెక్కలన్నీ.

అంత డబ్బు పెట్టి ఏం చేస్తారని మా ఆయన అడుగుతూనే ఉంటారు. వారం విడిచి వారం, శనివారం సాయంత్రం, ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల క్లాస్‌రూములో కూర్చుంటాం. బోర్డు మీద ఎవరూ చెరపని ఇంటిగ్రేషన్ లెక్క ఉంటుంది. ఏసీ ఉంది గానీ రిమోట్ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఆయన ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. వచ్చేవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఉద్యోగాల వేటలో ఉన్న బీటెక్ పిల్లలు, ఒక పళ్ల డాక్టరు, ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. ముందుగా రాసుకుని వచ్చి ఇద్దరో ముగ్గురో ఐదు నుంచి ఏడు నిమిషాలు, ఎక్కువగా ఇంగ్లీషులోనే, మాట్లాడతారు. ఆ తర్వాత టేబుల్ టాపిక్స్. అప్పటికప్పుడు ప్రశ్న ఇస్తారు, లేచి రెండు నిమిషాల్లోపు చెప్పి కూర్చోవాలి. మిగతావాళ్లకి తలా ఒక పని. ఒకరు టైమ్ చూస్తారు. ఒకరు "ఆ...", "ఊ...", "సో" అని ఎన్నిసార్లు అన్నామో గీతలు గీస్తారు. ఒకరు భాష తప్పులు పడతారు. చివర్లో ఎవాల్యుయేషన్. అంటే మాట్లాడిన ప్రతి ఒక్కరి గురించీ ఇంకొకరు లేచి, అందరి ముందూ, ఏది బాగుందో ఏది బాగోలేదో రెండు మూడు నిమిషాల్లో చెబుతారు.

నేను డబ్బు కట్టేది ఈ చివరి దానికోసమే. స్పీచులు యూట్యూబులో కావలసినన్ని దొరుకుతాయి.

బ్యాంకు మేనేజరు గారి స్పీచ్ రోజు చెబుతాను. ఆయన సర్వీసులో ఎంతమందికి లోన్లు ఇచ్చారో, ఎంతమందిని గేటు దగ్గర్నుంచే పంపేశారో ఆయనకే తెలియాలి. మాట్లాడింది తన మొదటి బ్రాంచి గురించి. చేతులు వెనక్కి కట్టుకుని, బోర్డుకీ మొదటి బెంచీకీ మధ్య అటూ ఇటూ నడుస్తూ చెప్పారు. ఎవాల్యుయేటరు బీటెక్ ఆఖరి సంవత్సరం కుర్రాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. లేచి, కాగితం ఒకసారి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సార్, మీరు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంటే నాకు మా హెడ్మాస్టర్ గుర్తొచ్చారు. కథ వినడం మానేసి, నేనేం తప్పు చేశానా అని ఆలోచించాను. ఇంకోటి సార్, ఆ రైతు మీ కేబిన్లోంచి వెళ్లిపోయాడు అన్నారు. వెళ్లేముందు ఏమన్నాడో చెప్పలేదు. నాకు అదే కావాలి సార్." రూములో ఫ్యాను చప్పుడు ఒక్కటే. పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, డైరీలో రాసుకున్నారు. రాసుకుని, "రైతు ఏమన్నాడు అన్నది. సరే. తర్వాత?" అన్నారు.

మన దగ్గర ఇంకెక్కడ జరుగుతుంది చెప్పండి ఇది? ఇంట్లోనా, ఆఫీసులోనా, పెళ్లిలోనా? మనవడి వయసువాడు మొహం మీదే చెబితే రాసుకునే పెద్దాయన్ని నేను ఈ రూములో తప్ప చూడలేదు. ఆ కుర్రాడికి ధైర్యం ఎక్కువని కాదు. ఆ రోజు అజెండాలో వాడి పేరు పక్కన ఆ పని రాసి ఉంది, అంతే. పని అప్పజెప్పేసరికి పెద్దా చిన్నా వరస పక్కకి తప్పుకుంది.

అన్ని ఎవాల్యుయేషన్లూ ఇలా ఉంటాయని అనుకోకండి. సగం "మీ స్పీచ్ అద్భుతం, వేదికను చక్కగా వాడుకున్నారు" దగ్గరే ఆగిపోతాయి. వాడుకోవడానికి అక్కడ వేదికెక్కడుంది, బెంచీలు జరిపిన ఖాళీ తప్ప. చప్పట్లు కూడా మరీ ఎక్కువ, మంచినీళ్లు తాగడానికి లేచినా కొడతారేమో అనిపిస్తుంది. పోటీలకు తయారయ్యేవాళ్లయితే మరీనూ. ఒక పెద్ద నిశ్శబ్దంతో మొదలుపెట్టడం, రెండు చేతులూ చాచడం, మధ్యలో గొంతు జీరబోవడం, చివర్లో ఎవరిదో కొటేషను. కళ్లు మూసుకుని వింటే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పలేం. ఈ మాట కమిటీలో చెప్పాను, నవ్వి ఊరుకున్నారు.

దీనికంతటికీ మూలపురుషుడు రాల్ఫ్ స్మెడ్లీ. వైఎంసీఏ ఉద్యోగి. కాలిఫోర్నియాలోని శాంటా అనా వైఎంసీఏలో 1924 అక్టోబరు 22న పెట్టిన మీటింగునే మొదటిదిగా లెక్కపెడతారు. కుర్రాళ్లకి నలుగురిలో మాట్లాడటం, మీటింగు నడపడం నేర్పాలని మొదలుపెట్టాడు. ఆడవాళ్లను మాత్రం 1973 దాకా సభ్యులుగా చేర్చుకోలేదు. ఈ మధ్యలో శాన్ డియేగోలో హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడ 1970లో "హోమర్" అని మగపేరు రాయించుకుని చేరింది. 1985లో ఆవిడే మొత్తం సంస్థకు మొదటి మహిళా ప్రెసిడెంటయింది. కొత్తగా వచ్చే అమ్మాయిలకి నేను స్మెడ్లీ కథ కంటే ముందు ఈవిడ కథే చెబుతాను.

ఇక బాబాయ్ సంగతి.

మా బాబాయ్ గుడివాడలో హైస్కూలు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల పుస్తకావిష్కరణ ఏదైనా కరపత్రంలో ఆయన పేరు ఉండాల్సిందే, కనీసం ఆత్మీయ అతిథిగానైనా. కంటి ఆపరేషను కోసం మా ఇంటికి వచ్చినప్పుడు, శనివారం సాయంత్రం చీర మార్చుకుంటుంటే ఎక్కడికమ్మాయ్ అన్నారు. చెప్పాను. ఉపన్యాసాలంటే నేనూ వస్తానన్నారు. నల్లకళ్లద్దాలతోనే బయల్దేరారు.

ఆ రోజు టైమర్‌ని నేనే. టేబుల్ టాపిక్స్‌లో అతిథుల్ని అడిగి, ఇష్టమైతేనే పిలుస్తాం. బాబాయ్‌ని అడిగీ అడగకముందే లేచారు. తెలుగులోనే చెప్పండి మాస్టారూ అన్నారు. ప్రశ్న: మీ ఊళ్లో ఇప్పుడు లేని చోటు ఒకటి చెప్పండి.

బాబాయ్ కండువా సర్దుకున్నారు. "వేదికనలంకరించిన పెద్దలకు, సభాసరస్వతికి..." అని మొదలుపెట్టారు. వేదిక లేదు, అలంకరించినవాళ్లూ లేరు. సభా మర్యాదలయ్యేసరికి నిమిషం నిండింది, ఆకుపచ్చ కార్డు ఎత్తాను. టైమ్ ఎంతయిందో చూపించే రంగు లైట్లు మాకు లేవు, లామినేట్ చేసిన చార్టు ముక్కలే. నిమిషంన్నరకి పసుపుపచ్చ ఎత్తేసరికి ఆయన ఇంకా స్కూలు గేటు దగ్గరే ఉన్నారు, గోలీసోడా బండి అప్పుడే వస్తోంది. రెండు నిమిషాలకి రెడ్ కార్డు. సోడా బండి ఆయన చెవుడు గురించి, పిల్లలు డబ్బులివ్వకుండా తాగి పారిపోతే ఆయన కేకలు వెయ్యడం గురించి చెబుతున్నారు. అందరూ ముందుకు వంగి వింటున్నారు, నేను తప్ప. నా చెయ్యి గాల్లో ఉంది, అందులో ఎర్ర చార్టు. అవతల ఉన్నది మా నాన్న తమ్ముడు. నాకు అక్షరాభ్యాసం చేయించిన మనిషి. టెన్షన్‌తో చెయ్యి వణికింది, దించలేదు.

బాబాయ్ చూశారు. "మా అమ్మాయి ఏదో చూపిస్తోంది" అని నవ్వి, మళ్లీ సోడా దగ్గరికి వెళ్లిపోయారు.

రెండున్నర దాటితే మా క్లబ్బులో చప్పట్లు కొట్టి కూర్చోబెడతారు. కొట్టారు. బాబాయ్ అది మెచ్చుకోలనుకుని, చేతులు జోడించి, ఉత్సాహంగా ఇంకో సంఘటన ఎత్తుకున్నారు. కూర్చునేసరికి ఐదు నిమిషాలు దాటింది. టైమర్ రిపోర్టు చదవాల్సింది కూడా నేనే. టైమ్ దాటితే ఓటింగులో పేరుండదు. "అతిథి గారు అర్హులు కారు" అని చదివాను. ఆ సాయంత్రం అందరూ గుర్తుపెట్టుకున్నది ఆయన్నే, బెస్ట్ స్పీకర్ రిబ్బను మాత్రం వేరేవాళ్లకి వెళ్లింది.

ఇంటికి నడుస్తుంటే అడిగారు, "ఆ ఎర్రది ఏంటమ్మాయ్?"

"టైమ్ అయిపోయిందని, బాబాయ్."

"నాకా?"

"ఎవరికైనా."

వీధి చివరిదాకా మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "అవధానంలో కూడా పృచ్ఛకులుంటారమ్మా. ఒకడు గంట కొడతాడు, ఒకడు పువ్వులు విసురుతాడు, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు మాట మాటకీ అడ్డం పడతాడు. అందరూ కలిసినా అవధానిని కూర్చోబెట్టరు. మీ వాళ్లు ఎవరి పని వాళ్లకి బాగానే పంచారు గానీ, రెండు నిమిషాలకి లేపి, రెండు నిమిషాలకి కూలెయ్యడం ఏంటి?"

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. సోడా బండికి రెండు నిమిషాలు చాలవు. కానీ బాబాయ్ వెంట చిన్నప్పుడు వెళ్లిన సభలు నాకూ గుర్తున్నాయి. "సమయాభావం వల్ల రెండే మాటలు" అని మొదలుపెట్టిన అతిథి అరగంటకీ దిగడు. అధ్యక్షులవారు ప్రతి వక్త మాట్లాడాకా ఆ మాటల్నే మళ్లీ ఒకసారి చెబుతారు. మధ్యలో శాలువాలు. పాపం, పుస్తకం రాసినాయన స్పందన అన్నిటికంటే చివర, అప్పటికి హాల్లో సగం మంది ప్లేట్ల దగ్గర ఉంటారు. ఎవరూ ఎవరికీ ఆపమని చెప్పలేరు. చెబితే మర్యాద కాదు. చీటీ పంపితే చదివి, మడిచి, జేబులో పెట్టుకుని కొనసాగిస్తారు. అలాంటి చోట ఒక ఎర్ర చార్టు ముక్క ఉండి ఉంటే ఎంతమంది రచయితలు తమ పుస్తకం గురించి తాము మాట్లాడుకునేవారో. ఇదంతా బాబాయ్‌తో అన్నాను. "నన్నే అంటున్నావా?" అన్నారు. "మీ తోటివాళ్లని" అన్నాను.

ఆయన సోడా కథ విన్నాక పళ్ల డాక్టరు గారు ఒక మీటింగు పూర్తిగా తెలుగులో పెడదామన్నారు. బాబాయ్ రెండో కంటి చెకప్‌కి వచ్చేసరికి చూసి పెట్టాం. ఆయన్నే భాషా పరిశీలకుడిగా వేశాం. ఆ రోజు అందరూ తమ మాటల్లో వాడాల్సిన పదంగా "ఒద్దిక" ఇచ్చారు, దాన్ని వాడటానికి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు పడ్డ పాట్లు అన్నీఇన్నీ కావు. ఇంగ్లీషులో గలగలా మాట్లాడేవాళ్లు తెలుగులోకి వచ్చేసరికి తడబడ్డారు. "సో" పోయి "ఏంటంటే" వచ్చింది. ప్రతి వాక్యం చివరా "అన్నమాట". "బేసికల్లీ" మాత్రం చెక్కుచెదరలేదు. బాబాయ్ పొడుగాటి లెడ్జరు పుస్తకంలో ఐదేసి గీతలు కట్టలు కట్టారు. అందరికంటే ఎక్కువ కట్టలు మా ప్రెసిడెంటువే. ఇంకో వింత, ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి, వాళ్ల అమ్మ పత్తి ఏరడానికి వెళ్లే రోజుల గురించి ఆపకుండా ఆరు నిమిషాలు చెప్పింది. ఇంగ్లీషులో ఆ అమ్మాయి ఐస్ బ్రేకర్, అంటే మొదటి స్పీచ్, ఇంకా పూర్తికాలేదు.

బాబాయ్ రిపోర్టుకు ఇచ్చింది మూడు నిమిషాలు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నారు. నేను రెడ్ కార్డు ఎత్తేసరికి వాక్యం మధ్యలో ఉన్నారు. అక్కడికక్కడే ఆపి, "మిగతాది టీ దగ్గర" అని కూర్చున్నారు. వాచ్‌మన్ తాళాలు గలగలలాడించేదాకా టీ దగ్గర చెప్పారు.

ఇప్పుడు కమిటీలో గొడవ, నెలకొక మీటింగు తెలుగులో పెట్టాలా వద్దా అని. వద్దనేవాళ్ల వాదన తేలిగ్గా తీసెయ్యలేను. బీటెక్ పిల్లలు ఐదు వేలు కట్టేది ఇంటర్వ్యూలో ఇంగ్లీషు కోసం, వాళ్లకి ఉన్నవే నెలకి రెండు సాయంత్రాలు. పైగా స్పీచులు ఒక్కో ప్రాజెక్టుగా నేర్పే టోస్ట్‌మాస్టర్స్ వాళ్ల పాత్‌వేస్ పాఠాలు తమిళంలో ఉన్నాయి గానీ తెలుగులో లేవు, కాబట్టి ఆ ప్రాజెక్టులు మేమే కూర్చుని తెలుగులో చెప్పుకోవాలి. నేను మధ్యేమార్గం పెట్టాను. స్పీచులు ఎవరికి కావలసిన భాషలో వాళ్లు ఇవ్వండి, ఎవాల్యుయేషన్ మాత్రం మాట్లాడినవాళ్ల భాషలోనే చెయ్యండి. రెండు భాషల్లో నడుపుకునే క్లబ్బులు ఎలాగూ ఉన్నాయి. వచ్చే శనివారం ఓటింగు. అది 20వ తారీఖుకి ముందు రోజు, నేను లాప్‌టాప్‌తోనే వస్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి.