ఛాతీ మీద పెట్టుకునే ఐరన్ మ్యాన్ లైటు: ఆరు వారాల పని, ఆగని లెక్కలు

మా అక్క కొడుకు ఏడో తరగతి. దసరా సెలవులకు హన్మకొండ వచ్చినప్పుడు టీవీలో ఐరన్ మ్యాన్ సినిమా చూస్తూ, హీరో ఛాతీలో వెలిగే గుండ్రటి లైటు చూపించి సడెన్‌గా నా వైపు తిరిగి, "మామా, అది ఎట్ల పనిచేస్తది? మనం చెయ్యొచ్చా?" అన్నాడు. రెండో ప్రశ్నకు వెంటనే చేద్దాం అన్నాను. మొదటి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఈ ఆరు వారాలూ గడిచాయి. వాడి స్కూల్ సైన్స్ ప్రదర్శనకు ఇస్తానని మాటిచ్చాను కాబట్టి ఎంతవరకు వచ్చిందో రాసి పెట్టుకుంటున్నా, ఇంకెవరైనా కట్టాలనుకుంటే పనికొస్తుంది.

మొదటి ఆదివారం. డిజైన్ సింపుల్. పది మిల్లీమీటర్ల మందం ఉన్న ట్రాన్స్‌పరెంట్ యాక్రిలిక్ షీటు నుంచి ఒక రింగు, బయటి వ్యాసం 70 మి.మీ., లోపలి వ్యాసం 50 మి.మీ. దాని చుట్టూ రాగి తీగతో పది చుట్లు (కాయిల్స్), ఒక్కో చుట్టులో 25 వరసలు. కింద తెల్ల ఎల్ఈడీలు. నేమ్ ప్లేట్లు చేసే షాపులో లేజర్ మీద కట్ చేయించాను. ఇంట్లో హోల్ సా పెట్టి కోద్దామని ముందు ఒక ముక్క మీద ప్రయత్నించా, యాక్రిలిక్ వేడికి కరిగి బ్లేడుకు బంకలా పట్టేసింది. అందుకే లేజర్ మీదనే చేయించండి, అంచు అద్దంలా వస్తుంది. తర్వాత 400 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దితే మంచు పట్టినట్టు మసకగా అవుతుంది, అప్పుడే లైటు రింగంతా సమంగా పరుచుకుంటుంది.

తీగ కోసం మోటార్ వైండింగ్ షాపుకు పోయాను. మన దగ్గర బోర్లు ఎక్కువ, మోటార్లు కాలడం ఎక్కువ, కాబట్టి వైండింగ్ తీగ దొరకడం కష్టం కాదు. 26 గేజ్ తీగ, 50 గ్రాములు తూకం వేసి ఇచ్చాడు, నాకు పట్టింది 15 గ్రాములే. 22 గేజ్ తీసుకోవద్దు. అది 0.71 మి.మీ. లావు ఉంటుంది, 250 వరసలు వేస్తే రింగు లోపలి చుట్టుకొలత 157 మి.మీ.లో పట్టవు. 26 గేజ్ అయితే 0.46 మి.మీ., పట్టి ఇంకా చుట్టుకూ చుట్టుకూ మధ్య నాలుగు మి.మీ. గ్యాప్ మిగులుతుంది.

రెండో వారం అంతా ఎల్ఈడీల పని. మొదట తొందరపడి పది ఎల్ఈడీలకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టా. ఒకటి కళ్ళు చెదిరేట్టు వెలిగింది, ఇంకోటి మినుకుమినుకుమంటూ ఉంది. ఒక్కో ఎల్ఈడీ ఒక్కో వోల్టేజీ దగ్గర తెరుచుకుంటుంది కాబట్టి ఎవరి రెసిస్టర్ వాళ్ళకు ఉండాలి. లెక్క ఇది: సప్లై 5 వోల్టులు, తెల్ల ఎల్ఈడీ దగ్గర పడిపోయేది సుమారు 3.1, మిగిలిన 1.9 వోల్టులను 100 ఓమ్‌ల రెసిస్టర్ తీసుకుంటే 19 మిల్లీ ఆంపియర్లు పోతాయి. పదింటికి కలిపి 0.19 ఆంపియర్, అంటే ఒక వాట్ కంటే కొంచెం తక్కువ. బ్యాటరీ 2600 ఎంఏహెచ్ 18650 రకం లిథియం సెల్లు ఒకటి, దాన్ని హోల్డర్‌లోనే పెట్టండి, సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ చెయ్యొద్దు, చాలా ప్రమాదం. చార్జింగ్‌కు టీపీ4056 బోర్డు, ప్రొటెక్షన్ ఉన్న రకమే అడిగి తీసుకోండి. 5 వోల్టులకు పెంచడానికి ఎంటీ3608 బోర్డు. వోల్టేజీ పెంచేటప్పుడు కొంత పోయేది తీసేసి లెక్క వేస్తే ఎనిమిదిన్నర గంటలు రావాలి, నాకు 7 గంటల 40 నిమిషాలు వచ్చింది. స్కూల్ ప్రోగ్రాంకు ఎక్కువే.

లైటు వెలిగిన రాత్రి చాలా సంతోషమేసింది, కానీ అక్కడే ఒక సంఖ్య నా బుర్రలో ఇరుక్కుపోయింది. 2008లో వచ్చిన మొదటి ఐరన్ మ్యాన్ సినిమాలో, గుహలో తయారుచేసి ఛాతీలో పెట్టుకునే ఆ చిన్న రియాక్టర్ గురించి హీరో టోనీ స్టార్క్ చెప్పే లెక్క సెకనుకు మూడు గిగా జూళ్ళు. సెకనుకు జూలు అంటేనే వాట్ కదా, అంటే 3,000 మెగావాట్లు. నేను పుట్టింది గోదావరిఖనిలో, రామగుండం ఎన్టీపీసీ చిమ్నీలు చూస్తూ పెరిగాను. అక్కడి పాత ప్లాంటు ఏడు యూనిట్లు కలిపి 2,600 మెగావాట్లు. ఆ మొత్తం ప్లాంటు కంటే ఎక్కువ ఆయన ఛాతీలో ఉంది. అక్కడే రిజర్వాయర్ నీళ్ళ మీద తేలే సోలార్ ప్లాంటు 2022లో పూర్తయింది, 100 మెగావాట్లకు దాదాపు 500 ఎకరాలు పట్టింది. నా లైటు ఒక వాట్. దానికీ సినిమా రియాక్టర్‌కూ తేడా 300 కోట్ల రెట్లు.

ఇది చూసి సినిమా అంతా కట్టుకథ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు, ఎందుకంటే ఒక లెక్క సినిమా వైపే తేలింది. ఆ గుహ సీన్‌లోనే పెద్ద యంత్రాన్ని పదిహేను నిమిషాలు నడపొచ్చు అంటాడు. 3,000 మెగావాట్లు పావుగంట అంటే 7.5 లక్షల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు కాల్చే 3,750 ఇళ్ళకు ఒక నెల కరెంటు, అంతే. బొగ్గుతో చెయ్యాలంటే యూనిట్‌కు సుమారు 0.7 కిలో చొప్పున 525 టన్నులు, కాజీపేట మీదుగా పోయే గూడ్సులో తొమ్మిది వ్యాగన్ల నిండా. అదే హైడ్రోజన్ జాతికి చెందిన డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలను ఒకటిగా కలిపేస్తే, అంటే ఫ్యూజన్ చేస్తే? ఎనిమిది గ్రాములు చాలు! నేను మూడుసార్లు తిరగేసి చూసుకున్నా. మా బావ చేతి ఉంగరం అంత బరువు. కాబట్టి చిన్న డబ్బాలో అంత శక్తి ఉండటం అసాధ్యం కాదు, ఇంధనం దగ్గర సినిమా తప్పు చెప్పలేదు.

మూడో వారం తీగ చుట్టడం. 250 వరసలు చేత్తో, రింగు మధ్యలోంచి తీగ దూర్చి లాగాలి కాబట్టి ఒక చుట్టుకు అరగంట. తీగను ముందే ఒక్కో చుట్టుకు సరిపడా ముక్కలుగా కోసి పెట్టుకుంటే చిక్కుపడదు. సోల్డరింగ్ మాత్రం అస్సలు అంటుకోలేదు, లెడ్డు పూసలా జారిపోతోంది. తీగ మీద కంటికి కనపడని ఎనామిల్ పూత ఉంటుంది, బ్లేడుతో నాలుగు వైపులా గీకి ఎర్రటి రాగి మెరిసేదాకా తీస్తేనే పట్టుకుంటుంది.

ఈ చుట్లు అందానికే, లైటుకు వాటితో పని లేదు. కానీ అవి ఉన్నాయి కదా, కరెంటు ఇచ్చి చూద్దామనిపించింది. ఎందుకంటే ఆ రింగు ఆకారం సినిమావాళ్ళు ఊరికే పెట్టలేదు. ఫ్యూజన్ యంత్రాల్లో టోకమాక్ అనే రకం అచ్చం ఇట్లాగే ఉంటుంది, గారె ఆకారపు గొట్టం, చుట్టూ అయస్కాంత చుట్లు. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య అనే టోకమాక్ 1989 నుంచి ఉంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే పెద్ద టోకమాక్‌లో మన దేశం భాగస్వామి, దాంట్లో ఇలాంటి పెద్ద చుట్లు 18. 15 కోట్ల డిగ్రీల ప్లాస్మాను, అంటే వేడికి చార్జ్ ఎక్కిన వాయువును, ఏ గిన్నె పట్టుకోలేదు కాబట్టి అయస్కాంత క్షేత్రంతో గోడలకు తగలకుండా పట్టుకోవాలి.

పది చుట్లనూ వరసగా కలిపి, 5 వోల్టుల అడాప్టర్‌కు 4.7 ఓమ్‌ల పది వాట్ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి ఇచ్చా, మీటర్‌లో 0.87 ఆంపియర్ చూపించింది. పిల్లల దిక్సూచి ఒకటి తీసుకుని రింగు అంచు వెంట మెల్లగా జరుపుతూ పోయా. మొదటి గ్యాప్ దగ్గర ముల్లు కొంచెం కదిలింది, రెండో దగ్గరా అంతే, మూడు, నాలుగు. ఇంత కరెంటు ఇస్తే ఇంతేనా అనుకుంటుండగా ఆరో చుట్టు పక్కకు రాగానే ముల్లు గిర్రున తిరిగి ఉత్తరపు కొన రింగు వైపు పెట్టి నిలబడింది. ఆరో చుట్టు దాటి అవతలి గ్యాప్ దగ్గర పెడితే దక్షిణపు కొన. మిగతా ఎనిమిది గ్యాపుల దగ్గర మళ్ళీ నెమ్మదిగానే ఉంది. ఫోన్ లైటు పెట్టి అరగంట చూసినా అర్థం కాలేదు.

మర్నాడు డ్యూటీ అయ్యాక ఆ వైండింగ్ షాపుకే తీసుకుపోయా. కాక ఒక్కసారి చేతిలో తిప్పి చూసి, "ఆరోది ఉల్టా చుట్టినవ్ బిడ్డా" అన్నాడు. మొత్తం విప్పాలా కాకా అంటే, "ఎందుకు ఊడబెరుకుడు, దాని మొదలూ కొసా మార్చి కలుపు, గంతే." అంతే చేశా. మళ్ళీ దిక్సూచి పెడితే రింగు చుట్టూ ఎక్కడా ఆ గిర్రున తిరగడం లేదు, పది సెంటీమీటర్ల దూరంలో అయితే ముల్లు కదలనే లేదు.

నాకు ఈ ఆరు వారాల్లో అన్నిటికంటే విలువైనది ఆ పది నిమిషాలు. చుట్లన్నీ ఒకే వైపు ఉంటే క్షేత్రం రింగు లోపలే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది, బయటికి రాదు. ఒక్కటి ఎదురు తిరిగితే అక్కడ చిమ్ముకొస్తుంది. నిజమైన టోకమాక్‌లో అలా అయితే ప్లాస్మా కూడా ఆ దారినే పోయి గోడకు తగిలి చల్లారిపోతుంది. రింగు ఎందుకో పుస్తకంలో చదివినప్పుడు ఇంత బాగా ఎక్కలేదు.

మరి నా రింగులో క్షేత్రం ఎంత? లెక్క కడితే లోపల 14 గాస్ చిల్లర, భూమి క్షేత్రం 0.4 గాస్ చిల్లర కాబట్టి ముప్పై రెట్ల పైనే, చేత్తో చుట్టినదానికి గొప్పే. ఐటర్‌లో ప్లాస్మా మధ్యలో ఉండాల్సింది 5.3 టెస్లా, అంటే 53,000 గాస్. అంత రావాలంటే నా తీగలో 3,000 ఆంపియర్ల పైన పోవాలి. తీగ మొత్తం నిరోధం ఒక ఓమ్, కరెంటు వర్గం గుణించు నిరోధం వేస్తే కోటి వాట్ల వేడి, అదీ 15 గ్రాముల రాగిలో. వెలగడం కూడా ఉండదు, ఆవిరే. అందుకే ఐటర్‌లో రాగి చుట్లు వాడకుండా నయోబియం-టిన్ సూపర్ కండక్టర్ (నిరోధం లేకుండా కరెంటు పోనిచ్చేది) వాడుతున్నారు, హీలియంతో మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిచి. ఛాతీలో పెట్టుకుంటే ఒక పక్క మైనస్ 269, మధ్యలో 15 కోట్లు, ఇంకో పక్క 37 డిగ్రీల గుండె.

ఐదో వారం మా మేనమామ వచ్చాడు. రామగుండం ప్లాంటులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. రింగు వెలిగించి చూపించి, సినిమాలో ఇది 3,000 మెగావాట్లు మామా అని చెప్పా. ఆయన లైటు వంక చూడలేదు, నా వంక చూసి, "మరి నీళ్ళెక్కడియి?" అన్నాడు. ప్లాంటులో బొగ్గు వేడిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే కరెంటు అవుతుంది, మిగతాదంతా గాలికీ నీళ్ళకూ పోవాల్సిందే, గోదావరి నీళ్ళు లేకుంటే ఒక్క యూనిట్ నడవదు అని గంటసేపు చెప్పాడు. సినిమా మాయ అంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఉందని నాకు అనిపిస్తోంది. సరే, ఎంతో గొప్ప యంత్రం, వందలో 99 వంతులు కరెంటుగా మారుస్తుంది అనుకుందాం. మిగిలిన ఒక్క శాతం 30 మెగావాట్లు. రెండు కిలోవాట్ల గీజర్లు 15,000 ఒకేసారి ఆన్ చేసి చొక్కా లోపల పెట్టుకున్నట్టు. దీనికితోడు డ్యుటీరియం-ట్రిటియం ఫ్యూజన్‌లో శక్తి ఐదు వంతులైతే నాలుగు వంతులు న్యూట్రాన్లే ఎత్తుకుపోతాయి, వాటికి చార్జ్ లేదు కాబట్టి అయస్కాంతం పట్టుకోలేదు, నేరుగా ఒంట్లోంచే పోతాయి.

2010లో వచ్చిన ఐరన్ మ్యాన్ రెండో భాగంలో రియాక్టర్‌లోని పల్లాడియం అనే లోహం టోనీ రక్తాన్ని విషం చేస్తుంది. ఆ లోహాన్ని ఎంచుకోవడం నాకు బాగా నచ్చింది. పల్లాడియం తన పరిమాణానికి దాదాపు 900 రెట్ల హైడ్రోజన్‌ను పీల్చుకోగలదు. 1989లో ఫ్లైష్‌మాన్, పాన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పల్లాడియం కడ్డీతో గది ఉష్ణోగ్రతలోనే ఫ్యూజన్ సాధించామని ప్రకటించారు, తర్వాత ఇతర ల్యాబ్‌లు చేసి చూస్తే నిలబడలేదు. అది గనక నిజమై ఉంటే 15 కోట్ల డిగ్రీలూ వద్దు, హీలియమూ వద్దు, అరచేతిలో పట్టే రియాక్టర్ అనే ఆలోచనకు దారి దొరికేది.

ఆరో వారం. మామ మాట మనసులో ఉండి నా లైటు వేడి కూడా కొలిచా. మల్టీమీటర్‌తో వచ్చే ఉష్ణోగ్రత ప్రోబ్ డబ్బా లోపల పెట్టి, చొక్కా కింద కట్టుకుని రెండు గంటలు తిరిగా. గది 32 డిగ్రీలు, డబ్బా 41. ఒక వాట్‌కే ఇంత. పిల్లాడి ఒంటి మీద పెట్టేది కదా, కొంచెం టెన్షన్ అయింది. డబ్బా వెనక మూతకు ఆరు మి.మీ. రంధ్రాలు పైన నాలుగు, కింద నాలుగు వేసి, మూతకూ ఒంటికీ మధ్య గాలాడేట్టు మూడు మి.మీ. ఫోమ్ ముక్కలు నాలుగు మూలలా అతికించా. ఇప్పుడు 37 దగ్గర ఆగుతోంది. బ్యాటరీని కూడా ఎల్ఈడీల వెనక నుంచి తీసి పక్క జేబులోకి మార్చా, వైరు ఒకటి పొడవైంది, పర్లేదు.

నిన్న ఫోన్‌లో వాడికి ఈ లెక్కలన్నీ చదివి వినిపించా. చార్టు మీద ఏమేం రాయాలో వాడే చెప్పాడు: ఎడమ పక్క రామగుండం, కుడి పక్క ఐరన్ మ్యాన్. ఇంధనం, కరెంటు, అయస్కాంతం అని గళ్ళు గీసి చివర ఒక గడి, "నీళ్ళెక్కడియి?" అని. రామగుండం వైపు గోదావరి అని రాస్తాడట, రెండో వైపు ఖాళీ వదిలేస్తాడట. దిక్సూచి కూడా టేబుల్ మీద పెట్టాలంటున్నాడు, చూసేవాళ్ళు ఆరో చుట్టును ఉల్టా, సీదా మార్చి చూడటానికి. దానికి ఒక టూ వే స్విచ్ కావాలి, ఆరు కాళ్ళది, ఈ శనివారం తెచ్చి పెడతా.