కిప్ కథ కోసం చదివితే

1992లో బుకర్ బహుమతి, ఆ బహుమతి యాభై ఏళ్ళ విజేతల్లో మేటిగా 2018లో గోల్డెన్ మ్యాన్ బుకర్. అంత పేరున్న నవల కదా అని 'ది ఇంగ్లిష్ పేషెంట్' చాలా ఆశతో మొదలుపెట్టాను. మైకేల్ ఒండాచి వాక్యం అందంగా రాస్తారు, కాదనను.

కానీ నా మనసంతా కిప్ మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున బాంబులు విప్పే సిక్కు కుర్రాడు. ఇటలీలో వాళ్ళుండే విల్లా తోటలో నర్సు హానా చేత బాంబు తీగలు పట్టించి, ఏది కత్తిరించాలా అని అతను ఆలోచిస్తుంటే నాకు టెన్షన్ వచ్చింది. ఇంగ్లండ్‌లో అతని గురువు లార్డ్ సఫోక్ బాంబు పేలి చనిపోయే భాగం కూడా అంతే బలంగా ఉంది.

ఇంతలో కథ మళ్ళీ ఒళ్ళు కాలి ఆ విల్లాలో పడుకున్న పేషెంట్ ఆల్మాషీ, అతని ప్రియురాలు కాథరీన్‌ల ఎడారి ప్రేమలోకి జారిపోతుంది. ఆమె మెడ కింది గుంటకు బోస్ఫరస్ అని పేరు పెట్టుకుని మురిసిపోవడాలు! జర్మన్ గూఢచారిని ఎడారి దాటించిన మనిషి అతను. ఆ పని బరువెంత అన్న ప్రశ్న విరహంలో కొట్టుకుపోయింది.

చివర్లో హిరోషిమా వార్త విని కిప్ ఆ పేషెంట్ మీద తుపాకీ ఎత్తుతాడు. తెల్లవాళ్ళ దేశం మీదైతే ఆ బాంబు వేసేవాళ్ళు కాదన్న ఆలోచన అక్కడ వస్తుంది. నవలంతా నడవాల్సింది దాని మీద కదా! కొద్ది పేజీల్లో తేల్చేశారు. ఇటలీలో వేలమంది మన సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్న యుద్ధం అది. నాకు వాళ్ళ కథ కావాలి.