ముత్తాతను ఇద్దరుగా విడదీసిన ఆదివారం

ఆదివారం, రాత్రి

పెదనాన్న కట్టిన వంశవృక్షం ప్రకారం మా ముత్తాత చనిపోయిన ఐదేళ్లకు ఆయనకో కొడుకు పుట్టాడు. ఆ కాగితం చుట్టాలందరి ఇళ్లలోనూ ఉంది. అన్నయ్య అయితే పెద్దగా ప్రింటు తీయించి ఫ్రేము కూడా కట్టించాడు. ఆ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మాత్రం లేరు. వంశవృక్షం చేతికిస్తే ఎవరైనా ముందు వెతుక్కునేది తమ పేరు, ఆ తర్వాత పిల్లల పేర్లు. అవి సరిగ్గా ఉంటే మిగతాదంతా సరిగ్గా ఉన్నట్టే.

ఇవాళ సెలవు కదా అని పొద్దున్నే ఆ ఫైలు తెరిచాను. పేర్ల జోలికి పోకుండా అంకెలు మాత్రమే చూసుకుంటూ వచ్చాను. ముత్తాత మరణం 1912. మొదటి సంతానం 1868, చివరి కొడుకు 1917. అంటే మొదటి కాన్పుకీ చివరి కాన్పుకీ మధ్య 49 ఏళ్లు. భార్య ఒక్కతే. పదిహేనేళ్లకే మొదటి బిడ్డను కన్నదనుకున్నా చివరి కాన్పు నాటికి ఆ తల్లికి 64 ఏళ్లుండాలి. పైగా ఆమె పేరు పక్కనే బ్రాకెట్లో ఇంకో పేరు, అది ముద్దుపేరని పెదనాన్న రాసుకున్నారు. ఆ ముద్దుపేరు చూడగానే నాకు విషయం అర్థమైపోయింది. అది ఇంకో ఆవిడ పేరు. అక్కడున్నది ఒక జంట కాదు, రెండు జంటలు.

పెదనాన్న అజాగ్రత్త మనిషి కాదు. ఆయన నోటుపుస్తకాలు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అదే పేరు, అదే ఇంటిపేరు, అదే ఊరు అయ్యేసరికి ఎంత జాగ్రత్తపరుడైనా చెయ్యి ఆపుకోలేడు. తాత పేరు మనవడికి పెట్టడం ఎన్నో దేశాల్లో ఉన్నదే. ఇద్దరు అన్నదమ్ములూ తమ కొడుకులకు తండ్రి పేరే పెట్టుకుంటే ఒకే కాలంలో, ఒకే వీధిలో ఒకే పేరుతో ఇద్దరు తయారవుతారు. పాత ఇంగ్లీషు రికార్డుల్లో ఇలాంటివాళ్లను సీనియర్, జూనియర్ అని రాసేవారు. ఈనాటి పాఠకుడు వాళ్లను తండ్రీకొడుకులనుకుంటాడు. చాలాసార్లు వాళ్లు బాబాయి, అబ్బాయి కావచ్చు, ఒక్కోసారి చుట్టరికమే లేని ఇద్దరు కావచ్చు. పెద్దాయన పోగానే నిన్నటి జూనియరే సీనియర్ అయిపోతాడు, మన తిప్పలు రెట్టింపవుతాయి.

అనుమానం వేరు, రుజువు వేరు. మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. పెదనాన్న దాచిన దస్తావేజుల నకళ్లన్నీ తీసి నేలమీద పరిచాను. 1909 నాటి కాగితం మీద ముత్తాత సంతకం, అక్షరాలు గుండ్రంగా, చేయి తిరిగినవాడి రాతలా ఉంది. 1911 నాటి దానిమీద అదే పేరు, పక్కన వేలిముద్ర. ఇక్కడితో ఎగిరి గంతేయకూడదు. ముసలితనంలో చేతులు వణికి, చూపు మందగించి సంతకం మానేసి వేలిముద్రకు దిగినవాళ్లు ఉంటారు. అందుకే సాక్షులను చూశాను. సంతకం ఉన్న కాగితాలన్నిటి మీదా ఒకే బృందం. అందులో ఇద్దరు 1870ల్లో పుట్టిన ఆడపిల్లల భర్తలు. వేలిముద్ర ఉన్నవాటి మీద వేరే మనుషులు, వాళ్లలో ఒకాయన మా తాతయ్యకు మేనమామ. ఈ పద్ధతి నా సొంతమేమీ కాదు. ఒక మనిషిని గుర్తుపట్టాలంటే అతని కుటుంబాన్నీ, అతనితో వ్యవహారాలు నడిపినవాళ్లనూ, ఇరుగుపొరుగునూ కలిపి చదవాలని అమెరికాలో వంశవృక్షాల పరిశోధకురాలు ఎలిజబెత్ షోన్ మిల్స్ చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు. పేరు మీద పేరు పెట్టి చూస్తే ఇద్దరూ ఒకటే. చుట్టూ ఉన్నవాళ్లను కూడా చూస్తే ఇద్దరూ ఎన్నడూ కలవరు.

1912లో పోయింది సంతకం చేసే పెద్దాయన. మా తాతయ్య పుట్టింది వేలిముద్ర వేసే చిన్నాయనకు. పెద్దాయన మాకు ముత్తాత కాదు, ముత్తాతకు పెదనాన్న కొడుకు.

మరి పెద్దాయన పుట్టిన సంవత్సరం 1842 అని అంత ఖాయంగా ఎలా వచ్చింది? మరణ రికార్డులో వయసు 70 అని ఉంది, 1912లోంచి 70 తీసేశారు, అంతే. మరణ రికార్డు ఒకే కాగితమైనా అందులోని సమాచారం ఒకే రకం కాదు. చనిపోయిన తేదీ చెప్పినవాడు దగ్గరుండి చూసినవాడు. అదే మనిషి చెప్పిన వయసూ, తల్లిదండ్రుల పేర్లూ వినికిడి మాటలు. పోయినాయన పుట్టినప్పుడు వీడు పుట్టనే లేదు కదా! పైగా 70 అనే అంకె ఎప్పుడూ అనుమానించదగ్గదే. వయసు తెలియని చోట జనం నోటికి వచ్చేవి సున్నాతోనో ఐదుతోనో ముగిసే అంకెలే. ఒక్కోసారి ప్రభుత్వమే అలా రాయమంటుంది. 1841లో ఇంగ్లండు జనాభా లెక్కల్లో 15 దాటినవాళ్ల వయసును దానికి కిందున్న ఐదు గుణిజానికి దించి రాయాలని గుమాస్తాలకు ఆదేశం. 39 ఏళ్ల మనిషి అక్కడ 35. కొందరు గుమాస్తాలు ఆ మాట విన్నారు, కొందరు వినలేదు. ఆ లెక్కల్లోనే ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో అందులో రాయలేదు, అది 1851 నుంచే మొదలైంది. అందువల్ల ఇంట్లో ఉన్న మేనల్లుళ్లూ పనిపిల్లలూ ఎన్నో వంశవృక్షాల్లో కన్నబిడ్డలై కూర్చున్నారు.

పెదనాన్న నోటుపుస్తకంలో మాత్రం ఖాయంగా ఏమీ లేదు. "డెబ్భై ఉండొచ్చునట" అని రాసి ఉంది. కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఆ "ఉండొచ్చునట" రాలిపోయింది. వంశవృక్షాల ఫైళ్లకు 1984 నుంచి వాడుకలో ఉన్న గెడ్‌కామ్ అనే పద్ధతిలో సుమారు, అంతకు ముందు, ఆ తర్వాత, ఫలానా రెండు సంవత్సరాల మధ్య అని చెప్పడానికి వేర్వేరు గుర్తులున్నాయి. వాటిని వాడే ఓపికే ఎవరికీ ఉండదు. ఖాళీ గడి కనిపిస్తే నాలుగంకెలు కొట్టేస్తారు. పుట్టిన సంవత్సరం తెలియదని ఒప్పుకునే వంశవృక్షాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఇంటర్నెట్‌లో మూడు వంశవృక్షాల్లో ఇలాగే ఉందే, అందరూ తప్పేనా?" అన్నాడు. ఆ మూడూ తెరిచి చూశాను. మూడింట్లోనూ ఆ ముద్దుపేరు బ్రాకెట్లోనే ఉంది. పెదనాన్న ఒక ఊరి పేరులో వదిలేసిన దీర్ఘం మూడింట్లోనూ లేదు. అంటే ముగ్గురు సాక్షులు కాదు, ఒకే సాక్షికి మూడు జిరాక్సులు. ఇదీ నయమే. డబ్బులు తీసుకుని గొప్ప వంశాలు అల్లి ఇచ్చిన గుస్టావ్ ఆన్జూ లాంటి ఘనులు అమెరికాలో ఉన్నారు. ఆయన 1942లో పోయాడు, ఆయన కల్పించిన పూర్వీకులు మాత్రం ఇంకా ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు వలస పోతూనే ఉన్నారు.

"పోనీ డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది కదా" అని అన్నయ్య రెండో అస్త్రం తీశాడు. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్ ఇక్కడ అక్కరకు రాదు. పెద్దాయన, చిన్నాయన అన్నదమ్ముల బిడ్డలు, ఇద్దరిదీ ఒకే తాత నుంచి వచ్చిన వై. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్ విషయంలో జరిగింది కూడా ఇదే. ఆయన దగ్గర బానిసగా ఉండి ఆయన బిడ్డలను కన్నదని చెప్పుకునే శాలీ హెమింగ్స్ చిన్న కొడుకు ఎస్టన్ సంతతి వాడి వై క్రోమోజోమ్ జెఫర్సన్‌ల మగ సంతతితో కలిసిందని 1998లో తేలింది. జెఫర్సన్‌కు భార్య వల్ల పెరిగి పెద్దయిన మగపిల్లలు లేరు కాబట్టి పోల్చింది ఆయన పెదతండ్రి వంశంతో. దానివల్ల తండ్రి జెఫర్సన్‌లలో ఒకడని తెలిసింది, ఏ జెఫర్సనో చెప్పలేదు. ఆమె గర్భవతి అయిన ప్రతిసారీ ఆయన ఆ ఇంట్లోనే ఉన్నాడని చూపింది మళ్లీ పాత కాగితాలే.

అయినా అన్నయ్య మాటను పూర్తిగా కొట్టిపారేయలేకపోయాను. 1892లో పుట్టిన ఒక ఆడపిల్ల ఉంది. పదిహేనేళ్లకే మొదటి బిడ్డను కన్నదనుకుంటే పెద్దాయన భార్యకు అప్పటికి 39, ఆమె కన్నా కనవచ్చు. చిన్నాయనకు పదిహేడు, ఆయన కూతురైనా కావచ్చు. కాగితాలు ఎటూ చెప్పవు. ఆ పిల్ల కూతురి కూతురు మాకు తెలిసినవారే. తల్లి నుంచి బిడ్డలకు వచ్చి, కూతుళ్ల ద్వారా మాత్రమే ముందుకు సాగే మైటోకాండ్రియా డీఎన్ఏ ఒకటుంది. 1485లో యుద్ధంలో చచ్చిన ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్‌లో కారు పార్కింగు కింద దొరికితే, ఆయన అక్క ఆన్ ఆడ సంతతిలో ఈనాటి ఇద్దరితో పోల్చి గుర్తుపట్టారు. (ఆ పరీక్షల్లోనే మగవైపు వై కలవలేదు. ఎన్నో వందల ఏళ్లు రాసి పెట్టుకున్న రాజవంశపు కాగితంలోనే ఎక్కడో ఒక తండ్రి తప్పన్నమాట. మన పెదనాన్న ఎంత!) ఆ పెద్దావిడ ఒప్పుకుంటే, పెద్దాయన కూతుళ్ల ఆడ సంతతిలో ఒకరితో పోల్చి చూడొచ్చు. కలవకపోతే ఆయన భార్య కూతురు కాదని తేలిపోతుంది. కలిస్తే మాత్రం ఇంకా ఆధారం వెతకాలి, ఎందుకంటే ఒకే రకం మైటోకాండ్రియా చుట్టరికం లేని చాలామందిలో ఉంటుంది. అసలు ఆవిడను అడగొచ్చా అన్నది వేరే ప్రశ్న. ఎనభై దాటిన మనిషికి మీ అమ్మమ్మ ఎవరి బిడ్డో తేలలేదని ఎలా చెప్పడం?

అసలు కష్టం అత్తయ్య దగ్గర వచ్చింది. ఊరి తరఫున కోర్టుకెక్కి గెలిచొచ్చిన ముత్తాత కథ మాకు ఉగ్గుపాలతో పోసింది ఆవిడే. ఆ కోర్టు కాగితాల మీదున్నది పెద్దాయన సంతకం. విషయం ముందే చెబితే జవాబు అటో ఇటో మొగ్గుతుందని, మామూలుగా కబుర్లు చెబుతూ అడిగాను.

"అత్తయ్యా, మీ తాతయ్య సంతకం ఎప్పుడైనా చూశావా?"

"సంతకమా? ఆయనకు అక్షరం ముక్క రాదే. ఉత్తరం వస్తే మా నాన్న చదివి వినిపించాల్సిందే."

ఆ తర్వాత ఆవిడే ఆగిపోయింది. "మరి కోర్టు కాగితాలన్నీ ఎవరు రాసుకున్నారంటావు?" అంది. అప్పుడు చెప్పాను. కోపగించుకుంది. ఇన్నాళ్ల మాటను ఒక్క పూటలో తీసేస్తావా అంది. తీసేయడం లేదు అత్తయ్యా, కోర్టుకెక్కింది నిజమే, గెలిచింది నిజమే, ఆ మనిషి మన ఇంటివాడే, కాకపోతే మీ తాతయ్యకు అన్న వరస అన్నాను. "అన్నేగా, పరాయివాడేం కాదు" అని కాస్త చల్లబడింది. కుటుంబ కథల్లో చాలావాటి సంగతి ఇంతే. జరిగింది జరిగినట్టే ఉంటుంది, మనిషి మాత్రం పక్కింట్లోంచి మనింట్లోకి మారతాడు.

దిద్దే పనిలో ఇంకో ప్రమాదం ఉంది, ఊపు మీద మంచివాటిని కూడా దిద్దేయడం. ఐదు నెలల తేడాతో పుట్టిన ఇద్దరు తోబుట్టువులను చూపించి సాఫ్ట్‌వేర్ ఎర్రజెండా ఊపింది. తీరా చూస్తే ఒకటి పుట్టిన తేదీ, ఇంకోటి రిజిస్టర్లో ఎక్కించిన తేదీ. ఇంగ్లండు పాత రిజిస్టర్లలో అయితే ఇంకా తమాషా. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 ఏప్రిల్‌లో పెళ్లయిన జంటకు 1720 ఫిబ్రవరిలో బిడ్డ పుట్టినట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721, పెళ్లయిన పది నెలలకు. ఏ ఉత్సాహవంతుడో దాన్ని 1719 పెళ్లిగా దిద్దాడంటే ఉన్న ఒప్పు కాస్తా తప్పయి కూర్చుంటుంది.

రాత్రి ఫైల్లో మార్పులు చేశాను. పెద్దాయనను చెరిపేయలేదు, చిన్నాయనతో ఉన్న లంకె మాత్రం తెంపాను. 1842 ముందు "సుమారు" చేర్చాను. ముద్దుపేరును బ్రాకెట్లోంచి తీసి ఆవిడకంటూ ఒక గడి ఇచ్చాను. 1892 ఆడపిల్ల తల్లిదండ్రుల గడులు ఖాళీగా వదిలి, రెండు అవకాశాలనూ కింద రాశాను. ఇద్దరి దగ్గరా ఒకే గమనిక పెట్టాను: "పాత వంశవృక్షంలో ఈ ఇద్దరినీ ఒకరిగా చూపారు. 1909 దస్తావేజులో సంతకం, 1911 దానిలో వేలిముద్ర, సాక్షులు వేర్వేరు, మనవరాలి మాట ప్రకారం చిన్నాయనకు చదువు రాదు. కొత్త ఆధారం లేకుండా మళ్లీ కలపవద్దు." కారణం రాయకుండా దిద్దితే లాభం లేదు. రేపు ఎవరో ఆ మూడు జిరాక్సుల్లో ఒకటి చూసి, పాపం మరిచిపోయారనుకుని ఇద్దరినీ మళ్లీ కలిపేస్తారు.

కొత్త ఫైలు అన్నయ్యకు పంపాను. కాసేపటికి ఫోన్ చేశాడు, ఫ్రేము కట్టించినదాన్ని ఏం చేయాలని. గోడకే ఉండనీ, ఆ గమనిక ప్రింటు తీసి దాని వెనక అట్టకు అంటించమన్నాను. వెనక ఎవరు చూస్తారంటాడు. అయితే ముందే అంటించు అన్నాను.