నాన్నకి నచ్చిన ఓట్స్ నూక

డాక్టరు గారు ఓట్స్ పెట్టమన్నారు గానీ ఏ ఓట్సో చెప్పలేదు. కొట్లో ముందు వరసలో ఉన్న ఇన్‌స్టంట్ పాకెట్ తెచ్చి, వేడి పాలు పోసి, అరటిపండు ముక్కలేసి నాన్నకి ఇచ్చాను. తెనాలిలో నలభై ఏళ్లు ఇడ్లీ, అల్లం పచ్చడితో పొద్దు మొదలుపెట్టిన మనిషి. "ఇది జావే కదే అమ్మాయ్" అంటూనే తాగేశారు. రెండు గంటలయ్యాక వేలు గుచ్చి చూస్తే షుగర్ 214. మర్నాడు పండు మానేసినా 190 దాటింది.

నాకు గాభరా పుట్టింది. ఆ నెలంతా రకరకాల ఓట్స్ తెచ్చి వండుతూనే ఉన్నాను.

బియ్యంలో మనకి నూకలూ అటుకులూ ఎలాగో ఇవీ అంతే. పొట్టు తీసిన గింజని బ్లేడుతో రెండు మూడు ముక్కలు చేస్తే స్టీల్ కట్, అచ్చం నూకే. ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్స్, అంటే దొడ్డు అటుకులు. ఇంకా పల్చగా నొక్కి ముందే ఉడికించేసినవి ఇన్‌స్టంట్. పాకెట్ల వెనక చదివితే అన్నింటి లెక్కా ఇంచుమించు ఒకటే: 100 గ్రాములకి 380 కేలరీల దాకా, ప్రొటీను 13 గ్రాములు, పీచు 10 గ్రాములు. ఆ పీచులో 4 గ్రాముల వరకూ బీటా గ్లూకాన్ ఉంటుంది. ఉడికేటప్పుడు జిగురొచ్చేది దానివల్లే. అది రోజుకి 3 గ్రాములు అందితే చెడ్డ కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. గుండెకి మంచిదని పాకెట్ మీద రాసుకోవడానికి అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 1997లోనే ఒప్పుకుంది. అయితే ఆ 3 గ్రాముల కోసం 75 గ్రాముల ఓట్స్ తినాలి. మనం ఒక పూట వండుకునే 40 గ్రాములతో సగమే వస్తుంది.

మరి తేడా ఎక్కడంటే, అరుగుదలలో. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె) స్టీల్ కట్‌కీ రోల్డ్‌కీ 55 చుట్టుపక్కల ఉంటే ఇన్‌స్టంట్‌కి 75 దాకా పోతుంది. మిల్లులోనే సగం నలిగిపోయిన గింజ కడుపులో ఎంతసేపు నిలుస్తుంది? అందుకే ఓట్స్‌ని మెత్తగా పొడి కొట్టి దోశలు పోయడం కూడా మానేశాను. మసాలా ఓట్స్ అయితే ఆ ఉప్పు చూశాక, నాన్నకి బీపీ కూడా ఉంది కాబట్టి, ఇంట్లోకే రానివ్వలేదు.

రుచి విషయంలో నా ఓటు నూకకే. మూకుట్లో అర చెంచా నెయ్యి వేసి దోరగా వేయిస్తుంటే వేరుశెనగ గుళ్లు వేగుతున్నట్టు వాసన వస్తుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, గ్లాసుకి మూడు గ్లాసుల నీళ్లు పోసి, సన్న సెగ మీద అరగంట. రాత్రే నానబెట్టుకుంటే పావుగంట చాలు. పైన మెత్తగా ఉన్నా, కొరికితే లోపల చిన్న పలుకు తగులుతుంది. ఆ పలుకు కోసమే నాన్న నెమ్మదిగా నమిలి తింటున్నారు. తొందర ఉన్న రోజు రోల్డ్ ఓట్స్ ఐదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, పెరుగు కలిపి దద్దోజనంలా తాలింపు పెడతాను. అమ్మకి అదే ఇష్టం. పాలల్లో మాత్రం ఏ రకమూ మా ఇంట్లో చెల్లలేదు.

మొన్న ఫోన్ మాట్లాడుతూ ఉప్మా అడుగంటించేశాను. పారేద్దామనుకునేలోపు నాన్న గరిటె తీసుకుని గిన్నె అడుగు గీకారు. అల్లం పచ్చడి నంజుకుని, "మాడు ఇంకా బాగుందే, రేపూ ఇలాగే చెయ్" అన్నారు. రెండు గంటల తర్వాత చూస్తే 158.