ఎదిర్నెలో సంగీతంతో వైద్యం చేసిన ఆసుపత్రి

టర్కీ వెళ్లే మనవాళ్లు ఎక్కువమంది ఇస్తాంబుల్, కప్పడోకియా చూసుకుని వచ్చేస్తారు. ఇస్తాంబుల్ నుంచి బస్సెక్కితే దాదాపు మూడు గంటల్లో ఎదిర్నె చేరొచ్చు. బల్గేరియా, గ్రీసు సరిహద్దుల దగ్గరుంటుంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ని గెలుచుకునేదాకా ఒట్టోమన్ సుల్తానులకు ఇదే రాజధాని. కరోనాకు ముందు ఓ వేసవిలో నేనూ మా ఆయనా వెళ్లాం.

ఊరు ఇంకా రాకముందే బస్సులోంచి సెలీమియె మసీదు నాలుగు మీనార్లు కనిపిస్తాయి. ఒక్కోటీ డెబ్బై మీటర్ల ఎత్తు. సుల్తాను రెండో సెలీమ్ కట్టించమంటే, ఎనభై ఏళ్ల ప్రాంతంలో ఉన్న శిల్పి మిమార్ సినాన్ కట్టాడు. లోపలికి అడుగుపెట్టగానే తల దానంతట అదే పైకి లేస్తుంది. 31 మీటర్ల వెడల్పున్న గుమ్మటాన్ని ఎనిమిది స్తంభాలు మోస్తున్నాయి. అయినా ఏ మూల నిలబడ్డా చూపుకి అడ్డమనేది ఉండదు, కిటికీల వెలుగు అన్ని వైపుల నుంచీ వచ్చి పడుతుంది. సుల్తాను మాత్రం దీన్ని చూడలేదు. 1574 డిసెంబరులో చనిపోయాడు, మసీదు 1575లో తెరిచారు. ఆ సంగతి తెలిశాక గుమ్మటం వైపు చూస్తుంటే నాకు మనసు బరువెక్కింది.

గుమ్మటం కింద నడిమధ్యన ఉన్న వేదికకి పాలరాతి స్తంభాలున్నాయి. వాటిలో ఒకదాని మీద తలకిందులుగా చెక్కిన చిన్న తులిప్ పువ్వు ఉంది. ఈ స్థలంలో తులిప్ తోట ఉండేదట, అమ్మనని మొండికేసిన యజమానికి గుర్తుగా చెక్కారని అక్కడివాళ్లు కథ చెబుతారు. మా తర్వాత ఆ మసీదులో పెద్ద ఎత్తున మరమ్మతులు మొదలయ్యాయి, వెళ్లేవాళ్లు ముందే కనుక్కోండి.

దగ్గర్లోనే ఎస్కి జామి అనే పాత మసీదు ఉంది, గోడల మీద మనిషికంటే పెద్ద అరబిక్ అక్షరాలు. ఆ పక్కన ఊచ్ షెరెఫెలి మసీదు, నాలుగు మీనార్లూ నాలుగు రకాలు. రెండూ నడుచుకుంటూ చూసేయొచ్చు.

మధ్యాహ్నం భోజనానికి ఈ ఊళ్లో పేరున్నది తవా జియెర్. కాలేయాన్ని ఆకుల్లా పలచగా కోసి, పిండిలో దొర్లించి, నూనెలో వేయిస్తారు. సాధారణంగా దూడ కాలేయమే, తినని వాళ్లు ముందే అడగండి. పక్కన వేయించిన ఎండుమిరపకాయలు పెడతారు. కరకరలాడుతూ మన ఊరమిరపకాయల్లా ఉన్నాయవి. మా ఆయన కాలేయం జోలికి పోకుండా వాటితోనే రొట్టె, పెరుగు లాగించేశారు.

అసలు నేను ఎదిర్నె వెళ్లింది సుల్తాను రెండో బయెజీద్ కట్టించిన దారుష్షిఫా అనే ఆసుపత్రి కోసం. నేను నర్సుని, పాత ఆసుపత్రి అంటే ఆగలేను. ఊరి బయట తుంజా నది ఒడ్డున 1484లో మొదలుపెట్టి 1488కి పూర్తిచేశారు. మసీదు, వైద్య పాఠశాల, వంటశాల అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. రోగుల హాలుకి ఆరు మూలలు, పైన గుమ్మటం, నట్టనడుమ పాలరాతి ఫౌంటెన్. గదులన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. నీళ్ల చప్పుడు అన్ని గదులకూ వెళ్లాలనే అలా కట్టారు. ఒక వైపు సంగీతకారులు కూర్చునే ఎత్తైన చోటుంది. 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబి, ఇక్కడ పదిమంది సంగీతకారులు వారానికి మూడు రోజులు రోగుల కోసం వాయించేవారని రాశాడు. మానసిక రోగులకు పూల సువాసనలతో కూడా వైద్యం చేసేవారట.

ఇప్పుడది త్రాక్య విశ్వవిద్యాలయం నడిపే ఆరోగ్య మ్యూజియం. 2004లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ మ్యూజియం బహుమతి కూడా వచ్చింది. గదుల్లో వైద్యుల, రోగుల బొమ్మలు పెట్టారు. వాటికంటే నన్ను ఆపింది ఆ హాలే. ఫౌంటెన్ పక్కన నిలబడి మెల్లిగా మాట్లాడితే, అవతలి గదిలో ఉన్న మా ఆయనకి స్పష్టంగా వినబడింది. మా వార్డులో రాత్రంతా మానిటర్ల బీప్‌లు, ట్రాలీల చప్పుడు, నిద్రపట్టని రోగుల టెన్షన్. రోగి చెవిన ఏం పడుతుందో ఆసుపత్రి కట్టేముందే ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను. అయిదు వందల ఏళ్ల కిందట ఇక్కడ ఆలోచించారు.

సాయంత్రం మెరిచ్ నది మీద 1847 నాటి రాతి వంతెన దాకా వెళ్లి, బాదం మిఠాయి కొనుక్కుని బస్సెక్కాం. వీలైతే ఒక రాత్రి ఉండేలా ప్లాన్ చేసుకోండి, పొద్దున్నే దారుష్షిఫాకి వెళ్తే గుంపులు రాకముందే ఆ హాలు మీకు దొరుకుతుంది.